చెవులమ్మ కనుబొమలు

ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, ఆ క్లినిక్‌కి వచ్చే ముసలివాళ్లెవరికీ అది గుర్తుండేది కాదు. సగం మందికి చెప్పినా వినబడదు. అందుకని వాళ్లే ఒక పేరు పెట్టేసుకున్నారు, చెవులమ్మ అని. "చెవులమ్మ ఉందా?" అని వీధి గుమ్మంలోంచే కేకేసేవారు. చెవి మందగించినవాళ్ల కేక ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పక్క దుకాణంలో చెప్పులు అమ్మే ఆయన కూడా "ఉంది, ఉంది, లోపలికెళ్లండి" అని జవాబు చెబుతుండేవాడు.

ఆవిడ పని వినికిడి పరీక్షలు చేయడం. గది లోపల ఇంకో గది ఉంటుంది. ఆ లోపలి గదికి జానెడు మందం తలుపు, గోడల నిండా బూడిద రంగు స్పాంజి, ఒక కుర్చీ, ఎదురుగా చిన్న అద్దాల కిటికీ. వచ్చినవాళ్లు లోపల కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంటారు. చేతికి ఒక బటన్ ఇస్తారు. చెవులమ్మ కిటికీకి ఇవతల కూర్చుని మిషన్ మీద సన్నగా కూత వేస్తుంది. వినబడితే బటన్ నొక్కాలి, ఇవతల దీపం వెలుగుతుంది. కూత తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ పోయి, ఎక్కడ వినబడడం ఆగిందో అక్కడ గ్రాఫు మీద ఒక చుక్క పెడుతుంది. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, ఆ చుక్కల్ని బట్టే ఎవరికి చెవి మిషన్ పెట్టాలో, ఎవరిని ఆపరేషన్‌కి పంపాలో తేలుతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక తమాషా జరిగింది. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన భార్యతో వచ్చాడు. ఇంట్లో పళ్లెం కిందపడినా ఉలకడట, పలకడట. పరీక్ష చేస్తే పాతికేళ్ల కుర్రాడి చెవుల్లా వచ్చింది గ్రాఫు. భార్య ఆ కాగితం చూసి, "అయితే ఇన్నేళ్లూ నా మాట కావాలనే విననట్టు నటించాడన్నమాట" అని అక్కడికక్కడే మొదలుపెట్టింది. ఆయన పాపం అదీ వినబడక నవ్వుతూ నిలబడ్డాడు. క్లినిక్ యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి డాక్టరు, మళ్లీ పరీక్ష చేయించి వెనక నిలబడి చూశాడు. చూసి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మాయ్, ఆయన చెవుల్తో వినట్లేదు. నీ కనుబొమలు చూసి నొక్కుతున్నాడు."

నిజమే. కూత వేసిన ప్రతిసారీ చెవులమ్మ కనుబొమలు రెండూ పైకి లేస్తున్నాయి. వినబడాలి, ఈయనకి వినబడాలి అని లోపల కోరుకుంటోంది, అది మొహంలోకి వచ్చేస్తోంది. ముప్ఫై ఏళ్లు రోడ్డు మీద సిగ్నళ్లు చూసిన మనిషికి ఆ మాత్రం సిగ్నలు అందదా? ఎంత బిగబట్టుకున్నా ఆ కనుబొమలు ఆవిడ మాట వినలేదు. చివరికి పెద్దాయన ఒక అట్టపెట్టె మూత చించి, రెండు చిల్లులు పొడిచి, తాడు కట్టి కిటికీకి వేలాడదీశాడు. పరీక్ష మొదలయ్యేముందు ఆ అట్ట దించాలి, అయ్యాక ఎత్తాలి. పద్నాలుగేళ్లయింది. తాళ్లు మారాయి కానీ అట్ట అదే.

చెవులమ్మ తత్వమే అంత. ఎవరి కాలికి దెబ్బ తగిలినా "అబ్బా" అనేది ఆవిడ. ఎదురుగా ఉన్నవాళ్లు ఏడవబోతున్నారంటే వాళ్లకన్నా ముందు ఈవిడ ముక్కు ఎర్రబడుతుంది. ఇలాంటి మొహాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరుంటారు. వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఇక లేవరు. ఈవిడకి అలా దొరికిన మనిషి సొంత అక్కే.

అక్క గొంతు మనిషి. ప్రకటనలకి గొంతిస్తుంది. సబ్బుల వెనక, సిమెంటు వెనక, పసిపిల్లల పౌడరు వెనక వినబడే ఆ తియ్యటి గొంతు ఆవిడదే. నలుగురిలో కూర్చుంటే ఇక మిగతా ముగ్గురూ లేనట్టే. క్లినిక్‌లో పరీక్షకి వాడే మాటల పట్టీ కూడా ఆవిడే చదివి రికార్డు చేసిపెట్టింది. పలక, గొడుగు, నిచ్చెన, బంతి, ఇలా పాతిక మాటలు. కూతలతో పాటు మాటలు ఎంతవరకు అందుతున్నాయో చూడ్డానికి అది పనికొస్తుంది. పావుగంట పని. ఆ పావుగంట సంగతి ఆరేళ్లుగా వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంది అక్క.

సరిగ్గా ఒంటిగంటకి, చెవులమ్మ భోజనం డబ్బా మూత తీసేసరికి, ఫోన్ మోగుతుంది.

"చిన్నీ, తిన్నావా?" అని మొదలుపెడుతుంది అక్క. జవాబు కోసం ఆగిన పాపాన పోదు. "ఇవాళ స్టూడియోలో ఏమైందో తెలుసా? నాలుగు టేకులు చెప్పానే. నాలుగూ బాగున్నాయి, నాకు తెలీదా? ఆ సౌండు చూసే అబ్బాయి ఉన్నాడే, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట బాగుందనలేదు. పైగా 'ఇంకోటి చేద్దామా మేడమ్' అంటాడు. నాకు! వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"ఏంటే అలా పొడిపొడిగా? నీకేమీ అనిపించట్లేదా?"

అనిపించాలి. ముందు ఆ అబ్బాయి మీద కోపం రావాలి. తరవాత అక్క మీద జాలి పొంగాలి. ఆ తరవాత, నీలాంటి గొంతు వాళ్లకి మళ్లీ దొరుకుతుందా అని నాలుగు మంచి మాటలు చెప్పాలి. చెప్పాలి కదా అని చెప్పేది కాదు చెవులమ్మ, నిజంగానే అనిపించేది ఆవిడకి. అక్కడే వచ్చింది చిక్కంతా. నటించేదైతే అలిసిపోయేది కాదు. ముప్పావు గంట తరవాత అక్క "హమ్మయ్య, మనసు తేలికైందే, ఉంటాను" అని పెట్టేసేది. ఇక్కడ డబ్బాలో తిండి చల్లారి గడ్డకట్టేది. ఈవిడ చెరకు పిప్పిలా కుర్చీలో కూలబడేది.

ఒకసారి చెవులమ్మకి దవడ పన్ను పీకారు. నోట్లో దూది పెట్టుకుని ఆ మాటే అక్కకి చెప్పింది. "అయ్యో, పన్నా!" అంది అక్క. "నాకైతే బతుకే పోతుందే. ముందు పళ్లు ఒక్క పిసరు కదిలినా గాలి పోయి మాట ఈల వేస్తుంది తెలుసా? ఇప్పటికే ఒకటి వదులుగా ఉందేమోనని రాత్రి నిద్ర లేదు." అక్కణ్ణుంచి నలభై నిమిషాలు. చివరికి దవడ వాచిన మనిషి, నోట్లో దూదితో, ఇంకా ఊడని పళ్ల గురించి అక్కని ఓదార్చింది. తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వి ఊరుకోవడానికి లేకుండా అది ఇరవై ఎనిమిదేళ్లుగా సాగుతోంది.

మొదట కనిపెట్టింది పెద్దాయన. ఒకరోజు ఆ వారం గ్రాఫులన్నీ బల్ల మీద పరిచి పిలిచాడు.

"పొద్దున గీసినవి చూడు, అద్దంలా ఉన్నాయి. ఒంటిగంట దాటాక గీసినవాటిలో కొట్టివేతలు, దిద్దుళ్లు. ఇదిగో, ఈయనకి కుడి చెవి చుక్కలు ఎడమ చెవికి పెట్టావు. మధ్యాహ్నం ఏం తింటున్నావమ్మాయ్?"

"ఏమీ తినట్లేదు సార్."

"మరి ఏం చేస్తున్నావు?"

చెవులమ్మ ఆ తప్పు చుక్కలు దిద్దడానికి పెన్ను తీసింది. అక్కతో మాట్లాడుతున్నాను అంటే, అందులో ఇంత అలిసిపోవడానికేముంది అంటాడు. పెద్దాయన మిగతా గ్రాఫులు దొంతర పెట్టి ఇచ్చేశాడు.

ఇంట్లో పిచ్చుక ఉండేది. కూతురు, తొమ్మిదేళ్లది. నిద్ర లేచింది మొదలు కిచకిచలే కాబట్టి తల్లే పెట్టింది ఆ పేరు. తండ్రి ఉద్యోగం వేరే ఊళ్లో, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ వీళ్లిద్దరే. చెవులమ్మ ఆరింటికి ఇల్లు చేరేది. ఆరున్నరకి అక్క మళ్లీ ఫోన్ చేసేది, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి ఆరున్నర వరకు అక్కకి ఏదో ఒకటి జరిగే ఉంటుంది. గిన్నెలు తోముతూ వినడానికి వీలుగా ఫోన్ స్పీకరు మీద పెట్టి కిటికీ గట్టున ఉంచేది చెవులమ్మ.

"అమ్మా అమ్మా, ఇవాళ లెక్కల మాస్టారు నిలబడే..." అని పరిగెత్తుకొచ్చింది ఒకరోజు పిచ్చుక.

ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం నాన్నా, పెద్దమ్మ" అంది తల్లి.

ఆ ఒక్క నిమిషం పిల్ల పడుకునే వేళదాకా సాగింది. మర్నాడు గుర్తొచ్చి, "మాస్టారి గురించి ఏదో చెప్పబోయావు" అని అడిగితే, "తరవాత చెప్తాలే, నువ్వు అలిసిపోయావుగా" అంది పిల్ల. ఎంత మంచి పిల్ల అనుకుంది చెవులమ్మ. ఆ తరవాత పిచ్చుక చెప్పడం తగ్గించింది. తరవాత అడగడం తగ్గించింది. మూడు నాలుగు నెలల్లో ఆ ఇల్లు ఎంత సద్దుమణిగిందంటే, నిజం ఒప్పుకోవాలంటే, చెవులమ్మకి హాయిగానే అనిపించింది. రోజంతా విని వచ్చిన మనిషి. ఆ హాయి తలుచుకుని తరవాత ఎంత కుమిలిపోయిందో ఆవిడకే తెలుసు.

అప్పుడొచ్చింది బడి నుంచి ఉత్తరం. మీ అమ్మాయికి క్లాసులో సరిగా వినబడుతున్నట్టు లేదు, పిలిస్తే పలకడం లేదు, రెండుసార్లు ముందు బెంచీకి మార్చినా తేడా లేదు, ఒకసారి చెవులు పరీక్ష చేయించండి, అని.

వెనక్కి వెనక్కి తలుచుకుంటే చెవులమ్మకి అన్నీ కనబడ్డాయి. పిలిస్తే పలకకపోవడం, "ఏంటీ?" అని రెండోసారి అడగడం, టీవీ గొంతు పెంచడం. ఊరందరి చెవులూ చూసే మనిషి ఇంట్లో పిల్ల చెవి చూసుకోలేదు. పైగా వంశంలో ఉంది. చెవులమ్మ తండ్రి అచ్చుయంత్రాల దగ్గర పనిచేసేవాడు. నలభై అయిదేళ్లకి చెవుడు మొదలై రెండేళ్లలో వినికిడి పూర్తిగా పోయింది ఆయనకి. ఆవిడ ఈ పనిలోకి వచ్చిందే అందుకు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఉంది. అక్కకి పదిహేడేళ్లు. మొట్టమొదటిసారి రేడియోలో గొంతు వచ్చే రోజు. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరారు. తండ్రి రేడియోకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అంతా అయిపోయాక, అందరూ చప్పట్లు కొట్టాక, కళ్లు తెరిచి, "మొదలైందా?" అని అడిగాడు. అక్క లేచి వెనక గదిలోకి వెళ్లిపోయింది. పన్నెండేళ్ల చెల్లెలు వెంట వెళ్లి, "నేను విన్నానక్కా, మొత్తం విన్నాను" అని, అక్క చదివిందంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. అక్క కళ్లు తుడుచుకుని, "బాగుందా? నిజంగా బాగుందా? ఇంకోసారి చెప్పు" అంది. ఆ ఇంకోసారి ఇంకా అవుతూనే ఉంది.

ఇది చెప్పి అక్కని మంచిదాన్ని చేద్దామని కాదు. దెబ్బ తగిలినవాళ్లందరూ ఎదుటివాళ్ల రక్తం తాగరు. కానీ ఆ వెనక గదిలో ఏడ్చిన పిల్లని చెవులమ్మ చూసింది, మనం చూడలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆవిడకి ఆ పిల్లే కనిపించేది.

ఉత్తరం సంగతి ఆ సాయంత్రమే అక్కకి చెప్పింది. ఎవరికైనా చెప్పుకోవాలి కదా.

"పిచ్చుకకి వినబడట్లేదేమోనక్కా. నాకు భయంగా ఉంది. నాన్నలాగా..."

"అయ్యయ్యో" అంది అక్క. ఒక క్షణం ఆగింది. ఆ క్షణంలో చెవులమ్మకి నిజంగా ఆశ కలిగింది. "అంటే మన ఇంటి రక్తంలోనే ఉందన్నమాట అది! చిన్నీ, నాకు ఈ మధ్య ఎడమ చెవిలో గుయ్యిమంటోందే. నీకు చెప్పలేదు, బెంగపడతావని. చెవి పోతే నా గొంతు నాకే వినబడదు. అప్పుడు నేనేమైపోతానో ఎప్పుడన్నా ఆలోచించావా? వింటున్నావా?"

"వింటున్నానక్కా."

గంట తరవాత ఫోన్ పెట్టేసేసరికి, సోమవారం అక్క చెవి పరీక్ష చేస్తానని మాటిచ్చి ఉంది చెవులమ్మ. కళ్లు తుడుచుకుంటూ తిరిగి చూస్తే, గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. తల్లి చూడగానే లోపలికి వెళ్లిపోయింది.

"సొంత పిల్లకి నువ్వు చెయ్యకూడదమ్మాయ్, చేతులు వణుకుతాయి. నేను చేస్తా" అన్నాడు పెద్దాయన. పిచ్చుక ఒప్పుకోలేదు. అమ్మ చేస్తేనే వస్తాను, లేకపోతే రాను అని మంకుపట్టు పట్టింది. సరే, శనివారం సగంపూట, మధ్యాహ్నం క్లినిక్ ఖాళీ అయ్యాక అనుకున్నారు.

పరీక్ష గదిలోకి ఫోన్ తేకూడదు. మిషన్‌లో గరగర వస్తుంది. చెవులమ్మ ఫోన్ పెద్దాయన చేతికిచ్చింది, ఆయన తన బల్ల సొరుగులో పడేసి మూసి, పక్క గదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

"ఫోన్ ఇచ్చేశావా?" అని అడిగింది పిచ్చుక, హెడ్‌ఫోన్లు సర్దుతుంటే.

"ఇచ్చేశాను. కూత ఎంత సన్నగా వినబడినా నొక్కెయ్యాలి, సరేనా? భయం లేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"ఇంకా ఎక్కువ పట్టదా?" అంది పిల్ల. తల్లి ఆ మాట పట్టించుకోలేదు. తలుపు మూసి, ఇవతలికి వచ్చి, అట్ట దించింది.

మామూలుగా మనం మాట్లాడుకునే పాటి మోతతో మొదలుపెట్టింది. దీపం వెలగలేదు. పెంచింది. వెలగలేదు. ఇంకా పెంచింది. అప్పుడు వెలిగింది. చెవులమ్మ చుక్క పెట్టింది. రెండో కూతకీ అంతే, మూడోదానికీ అంతే. ఎడమ చెవి అంతే, కుడి చెవి అంతే. గ్రాఫు మీద చుక్కలు వరసగా, ఎదురుగా ఉన్న మనిషి మాట అందనంత కిందకి దిగి కూర్చున్నాయి. అట్ట వెనక ఆవిడ కళ్లమ్మట నీళ్లు ధారగా కారిపోతున్నాయి. ఎవరి మొహమూ చూడనక్కర్లేని చోటు అదొక్కటే కాబట్టి, తుడుచుకోకుండా కారనిచ్చింది.

కానీ పద్నాలుగేళ్ల అనుభవం ఊరికే పోదు. ఏదో తేడాగా ఉందనిపించి మొదటి కూత దగ్గరికి మళ్లీ వెళ్లింది. ఈసారి అంతకన్నా బాగా తక్కువ మోతకే దీపం వెలిగింది. మళ్లీ చేసింది. ఈసారి ఎక్కువ కావాల్సివచ్చింది. పాడైన చెవి ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది. ఇలా పూటకో చోట ఆగదు.

ఇక మాటల పట్టీ పెట్టింది. అక్క గొంతు మొదలైంది. "పలక." ఒక మాట తరవాత కాస్త ఖాళీ ఉంటుంది, విన్నవాళ్లు ఆ మాట తిరిగి చెప్పాలి. లోపలి మైకులోంచి ఏమీ రాలేదు. "గొడుగు." ఏమీ లేదు. "నిచ్చెన." మోత పెంచింది. "బంతి." ఇంకా పెంచింది. చివరికి హెడ్‌ఫోన్లలోంచి పొంగి, అద్దం ఇవతలికి కూడా సన్నగా వినిపించేంత పెంచింది. పాతిక మాటలు తియ్యగా, స్పష్టంగా, ఒక్కొక్కటే వెళ్లాయి. పిల్ల నోరు విప్పలేదు. గోడలు తప్ప ఎవరూ వినలేదు.

ఇంత మోతకి ఒక్క మాటైనా అందకపోతే, ఇందాక ఆ కూతలకి బటన్ ఎలా నొక్కినట్టు?

చెవులమ్మ పట్టీ ఆపేసింది. కళ్లు తుడుచుకుంది. మీట పట్టుకుని మోత కిందికి దించింది, ఇంకా దించింది, మంచి చెవులకి కూడా కష్టమయ్యేంత దించి, తన మైకు దగ్గర నోరు పెట్టింది.

"పలక" అంది, గుసగుసకన్నా తక్కువగా.

"పలక" అంది లోపల పిచ్చుక.

"గొడుగు."

"గొడుగు."

"నిచ్చెన."

"నిచ్చెన."

పాతిక మాటలూ చెప్పింది. పాతికా తిరిగొచ్చాయి, ఒక్క అక్షరం తప్పు లేకుండా. పట్టీ అయిపోయింది. చెవులమ్మకి ఇంకేం చెయ్యాలో తోచలేదు. అదే గొంతుతో అడిగింది.

"పిచ్చుకా, నీకు వినబడుతోంది కదూ?"

ముందు దీపం వెలిగింది.

"నువ్వు మాట్లాడితే వినబడుతోంది" అంది పిల్ల.

చెవులమ్మ అట్ట ఎత్తింది. అద్దం అవతల, పెద్ద హెడ్‌ఫోన్ల మధ్య చిన్న మొహం, పెదవి కొరుక్కుంటూ. ఆవిడ లేచి, ఆ బరువు తలుపు లాగి లోపలికి వెళ్లి, వెనకే మూసేసి, కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. ఆ గదిలో తలుపు మూస్తే మన ఊపిరి మనకే వినిపిస్తుంది.

"కొడతావా?" అంది పిచ్చుక.

"ఎందుకే కొడతాను?"

"అబద్ధం నొక్కాను కదా." పిల్ల బటన్ తీగ వేలికి చుట్టుకుంది. "నీ దగ్గరికి వచ్చే తాతలతో నువ్వు ఇక్కడ చాలాసేపు మాట్లాడతావు కదా. అప్పుడు ఫోన్ మోగదు కదా. చెవులు బాగా లేకపోతే నన్ను కూడా రోజూ తెస్తావనుకున్నాను."

చెవులమ్మ కూతురి మోకాలి మీద నుదురు ఆనించింది. ఊరంతా తన చెవుల్ని పొగిడింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒక గొంతుకి చెవి ఒప్పగించి, అదే ప్రేమ అనుకుంది. ప్రేమ కాదని ఇప్పటికీ అనలేదు. కానీ అది పిల్ల వాటాలోంచి తీసి పెట్టిన ప్రేమ. పిల్ల అడగలేక చెవిటిదైంది.

బటన్‌తో పని లేకుండా, చెవిలో చిన్న గొట్టం పెట్టి తనంతట తనే చూసుకునే యంత్రం ఒకటుంది. పెద్దాయన వచ్చి దానితో రెండు చెవులూ చూశాడు. "భేషుగ్గా ఉన్నాయి. వీధి చివర మనం ఏమనుకున్నా వినేస్తుంది ఇది" అన్నాడు. తల్లీకూతుళ్ల ఎర్రటి మొహాలు చూసి ఇంకేమీ అడగలేదు. సొరుగులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. తొమ్మిది మిస్డ్ కాల్స్.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఎండ బాగా కాస్తోంది. వీధిలో ఎవరో షట్టరు దించుతున్నారు.

"నిలబడే..." అంది చెవులమ్మ. "లెక్కల మాస్టారు నిలబడే ఏం చేశారు?"

పిచ్చుక అనుమానంగా చూసింది. "నీకు గుర్తుందా?"

"అంతవరకే చెప్పావు. తరవాతది చెప్పలేదు."

"నిలబడే నిద్రపోయారమ్మా! బోర్డు మీద చాక్‌పీసు ఆనించి గీత గీస్తూ గీస్తూ..."

ఫోన్ మోగింది.

పిచ్చుక ఆగిపోయింది. అలవాటైన ఆగడం. మొహంలో ఏ కోపమూ లేదు. చెవులమ్మ చెయ్యి అప్పటికే ఫోన్ ఎత్తేసింది. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఆగమంటే ఆగుతుందా?

"ఏమైపోయావే? తొమ్మిదిసార్లు చేశాను!" అంది అక్క. "ఇక్కడ నా ప్రాణం పోతోంది. ఆ పౌడరు ప్రకటన వేరేవాళ్లకి ఇచ్చేశారట. నాకు చెప్పనైనా చెప్పలేదు. పన్నెండేళ్లు నా గొంతుతో అమ్ముకుని... నా ఒళ్లంతా వణుకుతోంది చిన్నీ. నాకెలా ఉందో నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు. వింటున్నావా?"

ఇవాళ పిచ్చుకకి పరీక్ష అని అక్కకి ముందే చెప్పి ఉంది. పిల్ల చెవుల సంగతి అడుగుతుందేమోనని చెవులమ్మ ఆగి చూసింది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంది కూడా. అడగలేదు.

"వింటున్నావా అంటే!"

"లేదక్కా" అంది చెవులమ్మ.

"ఏంటీ?"

"వినట్లేదక్కా. పిచ్చుక మాట్లాడుతోంది."

అవతల ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్లలో అక్క దగ్గర్నుంచి అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు ఆవిడ. తరవాత ఒక గొంతు వచ్చింది. ప్రకటనల గొంతు కాదు, వెనక గదిలో గొంతు.

"మరి నాకెవరున్నారే?"

చెవులమ్మ కళ్లు మూసుకుంది. ఎక్కడ తాకాలో అక్కడే తాకింది ఆ మాట. కావాలని వేసినా, నిజంగా వచ్చినా, నొప్పి మాత్రం ఒకటే. ఇంకొక్క క్షణం ఆగితే "ఉన్నానక్కా" అనేసేది, ఆ అనడం ఇంకో ముప్పావు గంట సాగేది. ఎదురుగా కిటికీ లేదు, దించుకోవడానికి అట్టా లేదు.

"రేపు పదకొండింటికి నేనే ఫోన్ చేస్తాను. అరగంట మాట్లాడుకుందాం. రోజూ మాత్రం నా వల్ల కాదక్కా."

"నువ్వు కూడా మారిపోయావన్నమాట" అంది అక్క. ఫోన్ పెట్టేసింది.

చెవులమ్మకి ఎవరినో తోసేసి వచ్చినట్టుంది. మళ్లీ చేసి క్షమించమందామా అని వేలు కదిలింది కూడా. పిచ్చుక ఆ వేలి వంకే చూస్తోంది. ఆవిడ ఫోన్ ఆపేసి, సంచి అడుగున, ఖాళీ డబ్బా కింద పెట్టేసింది.

"పెద్దమ్మ ఏడ్చిందా?" అంది పిల్ల.

"ఏడ్చిందేమో."

"నువ్వూ ఏడుస్తున్నావు."

"ఏడుస్తూ కూడా వినగలను. గీత గీస్తూ గీస్తూ?"

పిచ్చుక ఇంకాస్త దగ్గరికి జరిగింది. మొదట్లో మాట నెమ్మదిగా వచ్చింది, మధ్య మధ్య సంచి వైపు చూస్తూ. తరవాత వేగం అందుకుంది. "గీస్తూ గీస్తూ బోర్డు అయిపోయిందమ్మా, అయినా ఆగలేదు, గోడ మీద కూడా గీసేశారు! గోడ కూడా అయిపోయింది! అక్కడ తలుపు ఉందా, ఆ తలుపు అప్పుడే తీసుకుని హెడ్మాస్టరు లోపలికి వచ్చారు, చాక్‌పీసు తిన్నగా వెళ్లి..."

"వెళ్లి?" అంది చెవులమ్మ. కనుబొమలు రెండూ నెత్తికెక్కాయి.